అయిదుగురు కొన్న గుమ్మడికాయ

ఆ పొద్దున ప్రభుదాస్ మాస్టారు వేసుకున్న పథకంలో గుమ్మడికాయ చేయవలసిన పని ఒక్కటే, కూర్చోవడం. పూలు కప్పిన మిలిటరీ లారీ మీద, బంతిపూల గద్దె నడుమ, చర్చి దగ్గర్నుంచి పరేడ్ మైదానం దాకా కదలకుండా కూర్చోవాలి. వేదిక మీది పెద్దలకు కనబడాలి. మర్నాడు, దాన్ని పెంచిన రోసమ్మ గారింటికి తిరిగి వెళ్ళి పులుసులో పడాలి. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు, అందుకు ఒక సంఘం కావాలి. రైల్వే క్వార్టర్ల వెనకనున్న ఆ చిన్న చర్చి సంఘానికి అటువంటి శక్తి పుష్కలంగా ఉంది. దానికి కార్యదర్శి ప్రభుదాసే.

దేశం గణతంత్రం అవుతున్న రోజది. పోలీసు చర్య జరిగి ఏడాదిన్నర కూడా కాలేదు. సికింద్రాబాదులో జెండా మారింది, ఆఫీసుల్లో కుర్చీలు మారాయి, రూపాయి మాత్రం ఇంకా రెండు రకాలుగానే ఉంది. నిజాం టంకశాలలో పుట్టిన హాలీ రూపాయి ఒకటి, ఇండియా నుంచి వచ్చిన కల్దారు రూపాయి ఒకటి. ఊరేగింపులో ఊళ్ళోని సంఘాలన్నీ తలా ఒక శకటం పెట్టాలని కబురు వచ్చినప్పుడు, చర్చిలో అందరికంటే ముందు చెయ్యెత్తినవాడు ప్రభుదాస్.

అలా ఎత్తడానికి కారణం తుకారాం. మోండా మార్కెట్టు మలుపులో తుకారాంకు బెల్లం దుకాణం ఉంది. బడి విడిచాక ఆ దుకాణం బల్ల మీద కూర్చుని పేపరు చదవడం ప్రభుదాస్‌కు ఏళ్ళనాటి అలవాటు. ఇంగ్లీషు పటాలాలు పడవెక్కిన నాటి నుంచి తుకారాం రోజూ ఒకే మాట అంటున్నాడు: "పంతులూ, మీ దొరలంత పోయిన్రు గద. మరి మీరెప్పుడు పోతున్రు?" తుకారాం మనసులో విషమేమీ లేదు, నోట్లో మాత్రం ఆ మాట ఉండేది. బల్ల మీద ఉన్నవాళ్ళంతా నవ్వేవారు. ప్రభుదాస్ కూడా నవ్వేవాడు. నవ్వి ఇంటికొచ్చి అన్నం సగంలో లేచిపోయేవాడు. గుంటూరు దగ్గర పల్లెలో పుట్టి, సికింద్రాబాదులో ఇరవై ఏళ్ళుగా తెలుగు పద్యాలు చెప్పుకుంటున్న మనిషి ఏ పడవెక్కి ఎక్కడికి పోవాలి?

అందుకని అతనికి ఒక కోరిక పుట్టింది. వేదిక ముందు నుంచి తమ శకటం వెళ్తుంటే, ఆ జనంలో తుకారాం నిలబడి చప్పట్లు కొట్టాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు. సంఘ పెద్దలు గొణిగితే, "పరువు పోయిందంటే ఆ పూటే నా పదవికి రాజీనామా" అని అందరి ముందూ మాటిచ్చేశాడు. ఇంటికొచ్చాక అతని భార్య దేవకృప, "రాజీనామా సంగతి సరేనండీ, ముందు పూల సంగతి చూడండి" అంది. ఆమె స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు.

శకటానికి పైవాళ్ళు ఇచ్చిన విషయం 'పంటలు పెంచుదాం'. ఇది విని స్త్రీల సమాజం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఎందుకంటే వాళ్ళకు వచ్చిన అలంకారం ఒక్కటే, కోతపండుగ అలంకారం. ఏటా పంటల కాలంలో సంఘస్థులు తొలి ఫలాలు చర్చికి తెస్తారు. పట్నంలో పొలాలెక్కడివి గనక, మోండా మార్కెట్టులో కొని తెస్తారు. స్తంభాలకు చెరుకుగడలు, కిటికీలకు అరటిగెలలు, మెట్ల మీద కూరగాయలు, ఖాళీ ఉన్నచోటల్లా బంతిపూలు. ఆరాధన ముగియగానే అన్నిటినీ ఆవరణలో వేలం వేస్తారు.

ఆ వేలానికి ఒక పద్ధతి ఉంది. పాట పాడి గెలిచినవాడు వస్తువును ఇంటికి పట్టుకుపోతే మర్యాద కాదు. డబ్బు ఇచ్చి, వస్తువు కూడా దేవునికే ఇచ్చేయాలి. దాన్ని మళ్ళీ వేలం వేస్తారు. అలా ఒక కోడిగుడ్డు పదిమందికి అమ్ముడై, చివరికి పాస్టరు అయ్యగారింట్లో అట్టుగా ముగిసిన సంవత్సరాలున్నాయి. సంఘంలో పుట్టిన పిల్లలకు నడకతో పాటే వచ్చేసే ఆచారం గనక, దీన్ని ఇంతవరకూ ఎవరూ ఎవరికీ విడమరిచి చెప్పిన పాపాన పోలేదు.

ఆ వేలం వేసేవాడు జకర్యా. రైళ్ళలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇంజను కూతను దాటి డ్రైవరుకు వినబడిన గొంతు అతనిది. పెన్షనుతో పాటు ఆ గొంతూ మిగిలిపోయింది. ఏడాదికోసారి వేలంలో దాన్ని ఖర్చు పెట్టుకునేవాడు. ఈ ఏడు, రేషను రోజుల్లో తిండి వస్తువులు వేలం వేస్తే చూసేవాళ్ళకు బాగుండదని ప్రభుదాసే వేలం ఆపించాడు. అప్పటినుంచి జకర్యా సరిగ్గా మాట్లాడటం లేదు. పాపం, అతన్ని మంచి చేసుకుందామని ప్రభుదాస్ ఒక పదవి సృష్టించాడు. "జకర్యా గారూ, ఊరేగింపులో లారీ మీద మీరుండాలి. కూరగాయలు ఎవడూ ఎత్తుకుపోకుండా చూడాలి" అన్నాడు. జకర్యా పాత టోపీ, ఈల, పచ్చజెండా పెట్టెలోంచి తీసుకుని సూర్యోదయానికే వచ్చి లారీ ఎక్కాడు.

చర్చి ఆవరణలో స్త్రీలు గోనెపట్టాల మీద పూలు కుట్టి, ఆ పట్టాలను లారీకి కడుతున్నారు. బోయిన్‌పల్లి తోటల నుంచి వచ్చిన బంతీ చామంతీ గుట్టలు పోసి ఉన్నాయి. లారీతో పాటు వచ్చిన మిలిటరీ డ్రైవరు బల్వంత్ సింగ్ అనే సర్దార్జీ, తన బండి కళ్ళ ముందే మాయమైపోతుంటే చేతులు కట్టుకుని చూస్తున్నాడు. పూలు ముందు అద్దం మీదికి పాకేసరికి తట్టుకోలేక, "బహన్‌జీ, షీషా తో ఛోడ్ దో!" అని దేవకృపను బతిమాలాడు. ఆమె దయతలచి, రెండు కళ్ళు పట్టేంత అద్దం వదిలిపెట్టింది.

చివరగా రోసమ్మ వచ్చింది. ఆమె వెనక ఇద్దరు మనుషులు గుమ్మడికాయను మోసుకొచ్చారు. తన పెంకుల కప్పు మీద పెరిగిన కాయ అది. దాని బరువుకు వంటింటి మీద పెంకులు కుంగాయని చెప్పుకోవడం ఆమెకు గర్వం. మార్కెట్టులో కూరగాయల ముఖం చూడటమే కష్టంగా ఉన్న ఆ రోజుల్లో, ఎర్రగా నిగనిగలాడుతున్న ఆ కాయను చూసి సర్దార్జీ టోపీ తీసినంత పని చేశాడు, తలపాగా గనక ఆగిపోయాడు.

"జాగ్రత్త మాస్టారూ, గోరు కూడా తగలగూడదు" అంది రోసమ్మ.

"జకర్యా గారున్నారు కదమ్మా" అన్నాడు ప్రభుదాస్. ఆ రోజు అతను అన్న మాటల్లో అన్నిటికంటే తప్పు మాట అదే.

లారీ బయలుదేరింది. ముందు స్త్రీలు పాడుతూ నడుస్తున్నారు. స్టేషను దాటేసరికే జనం పూల లారీని చూసి నోళ్ళు తెరుస్తున్నారు. ప్రభుదాస్‌కు గుండె నిండిపోయింది. తుకారాం ఎక్కడైనా కనిపిస్తాడేమోనని రోడ్డుకు రెండు వైపులా వెతుక్కుంటూ నడిచాడు. క్లాక్ టవర్ దగ్గరకు వచ్చేసరికి ఊరేగింపు ఆగిపోయింది. ముందున్న శకటం కరెంటు సామాన్ల వర్తకులది. వాళ్ళు అట్టలతో ఒక దీపస్తంభం కట్టి తెచ్చారు. అది ఎంత ఎత్తుగా ఉండాలో మూడు వారాలు ఆలోచించారట గాని, రోడ్డు మీది తీగలు ఎంత ఎత్తులో ఉన్నాయో ఒక్క పూటా చూడలేదు. స్తంభం తీగల్లో చిక్కుకుంది. తీయాలంటే ముందు కరెంటు ఆపాలి. ఆపేవాడు ఊరేగింపు చూడటానికి పరేడ్ మైదానానికి వెళ్ళాడు.

"నేను వెళ్ళి చూసొస్తాను. మీరిక్కడే ఉండండి" అని చెప్పి ప్రభుదాస్ ముందుకు వెళ్ళాడు. నిచ్చెన పట్టుకున్నాడు, సలహాలిచ్చాడు, ఇద్దరు వర్తకుల తగవు తీర్చాడు. అంతలో వెనకనుంచి ఒక పెద్ద కేక వినిపించింది.

"హల్లెలూయా!"

ప్రభుదాస్ సంతోషించాడు. జనానికి తమ పాటలు నచ్చాయన్నమాట. ఇంకాసేపటికి మళ్ళీ వినిపించింది, ఈసారి ఇంకా గట్టిగా. స్త్రీల సమాజం మొత్తం కలిసి అరిచినా అంత చప్పుడు రాదు. మూడోసారి దానితో పాటు ఇంకో మాట కూడా గాలిలో తేలి వచ్చింది: "ఒకటోసారి... రెండోసారి..."

ప్రభుదాస్ నిచ్చెన వదిలేసి పరుగు తీశాడు. నిచ్చెన మీదున్న వర్తకుడు తర్వాత ఏమయ్యాడో ఈ కథకు సంబంధం లేదు.

క్లాక్ టవర్ కింద జనం కిక్కిరిసి ఉన్నారు. నడుమ లారీ ఉంది. అయితే అది మళ్ళీ మామూలు మిలిటరీ లారీ అయిపోయింది. చెరుకుగడలు లేవు, అరటిగెలలు లేవు, అవన్నీ అప్పటికే జనం చేతుల్లోకి పోయాయి. పూల పట్టాలు ఊడిపోయి లోపలి ఆకుపచ్చ రంగు బయటపడింది. రోడ్డు మీద ఆడవాళ్ళందరి తలల్లోనూ బంతిపూలున్నాయి. పైన గుమ్మడికాయ ఒక్కటే మిగిలి ఉంది. దాని పక్కన జకర్యా, పెన్షను పుచ్చుకున్న నాటికంటే పదేళ్ళు చిన్నవాడై, పచ్చజెండా ఊపుతూ నిలబడి ఉన్నాడు.

"ఏంటిది?" అని దేవకృపను పట్టుకుని అడిగాడు ప్రభుదాస్.

"లారీ ఆగింది. ఆ కూరగాయల ఎల్లమ్మ వచ్చి గుమ్మడికాయ ఎంతకిస్తారని అడిగింది. జకర్యా గారు ఊరుకుంటారా?"

"నువ్వు ఆపలేదా?"

"మొదటి పాట నేనే పాడానండీ" అంది దేవకృప చల్లగా. "మొదటి పాట అధ్యక్షురాలు పాడాలిగా, ఆనవాయితీ."

ఆ తర్వాత జరిగింది ఇది. ఎల్లమ్మ మోండా మార్కెట్టులో కూరలు అమ్మే మనిషి. ఆ కాయను ముక్కలు కోసి అమ్ముకుందామని పాడి గెలిచింది. జకర్యా డబ్బు టోపీలో వేసుకుని, అలవాటు చొప్పున, "ఎల్లమ్మ గారు తమ కానుకను తిరిగి దేవునికే అర్పించారు, హల్లెలూయా!" అన్నాడు. జనమంతా హల్లెలూయా అన్నారు. అది తన కాయకు చదివిన మంత్రం కాబోలనుకుని ఎల్లమ్మ దండం పెట్టి, గంప తెచ్చుకోవడానికి వెళ్ళింది. జకర్యా కాయను మళ్ళీ వేలం వేశాడు. ఈసారి గెలిచినవాడు దానిని మోయడానికి కూలివాణ్ణి పిలవబోయాడు. జకర్యా మూడోసారి షురూ చేశాడు. ఈసారి టాంగా నడిపే ఖాసీం మియా ఏడు రూపాయలన్నాడు. లారీలోంచి తల బయటపెట్టి సర్దార్జీ ఆరన్నాడు. ఖాసీం మియావి హాలీ రూపాయలు, సర్దార్జీవి కల్దార్లు. హాలీ ఏడుకూ కల్దారు ఆరుకూ తేడా లేదని జనంలో ఎవరో లెక్క తేల్చారు. జకర్యా ఒక్క క్షణం ఆలోచించి కాయ ఇద్దరికీ ఇచ్చేశాడు. ఎలాగూ దేవునికే పోయేదాన్ని ఇద్దరికిస్తే ఏమిటి, ఇరవైమందికిస్తే ఏమిటి?

ఇప్పుడు నాలుగోసారి. ప్రభుదాస్ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి, చెయ్యి పైకెత్తి, "జకర్యా గారూ!" అని అరిచాడు.

"సెక్రటరీ సాబ్ పాట!" అని గర్జించాడు జకర్యా. "ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! సెక్రటరీ సాబ్‌కే!"

ఈల వేశాడు, పచ్చజెండా ఊపాడు. సరిగ్గా అప్పుడే ఎల్లమ్మ గంపతో తిరిగొచ్చింది. రెండో పాట గెలిచినవాడు కూలివాడితో తిరిగొచ్చాడు. అతన్ని చూసి ప్రభుదాస్ ఎత్తిన చెయ్యి దించేశాడు. తుకారాం.

"నా కాయ నెత్తికెత్తుండ్రి" అంది ఎల్లమ్మ.

"నీ కాయేంది? నేను గొన్న" అన్నాడు తుకారాం. "సంక్రాంతికి దానమియ్యాలంటే బజార్ల గుమ్మడికాయనే దొరకలే. పూజారి రోజు నా దుకాణం ముంగట ఆగి నా మొఖం జూస్తుండు. నేను దీన్ని ఇడిశేది లేదు."

"అరె భాయ్, మా బిడ్డ శాదీ ఉంది. దాల్చా వండనీకి కావాలె" అన్నాడు ఖాసీం మియా. "పైసలిచ్చిన, పరేషాన్ చెయ్యకుండ్రి."

సర్దార్జీ ఇంజను ఆపేసి దిగాడు. లారీ పైకెక్కాడు. గుమ్మడికాయ మీద అరచెయ్యి ఆనించి, "యే మేరా హై" అని ఒక్క ముక్క చెప్పి స్తంభంలా నిలబడ్డాడు. మిలిటరీ బారకాసుల్లో మూడు నెలలుగా పప్పు తప్ప ఏమీ తినని మనిషి చెయ్యి అది. అది చూసి ఖాసీం మియా ఎక్కి తన చెయ్యీ వేశాడు. ఎల్లమ్మ కొంగు బిగించి ఎక్కింది. తుకారాంకు పొట్ట అడ్డం వస్తే కూలివాడు వెనకనుంచి తోశాడు.

ప్రభుదాస్ కూడా ఎక్కక తప్పలేదు. "అందరూ వినండి. మీ డబ్బులు మీకు తిరిగి ఇప్పిస్తాను" అన్నాడు.

జకర్యా టోపీని కడుపుకు హత్తుకున్నాడు. "కానుక వాపస్ ఇచ్చే రూల్ ఏడుంది సాబ్? నా సర్వీసుల ఎన్నడు జూడలే."

"పైసలెవరికి గావాలె? మాకు కాయ గావాలె!" అన్నారు నలుగురూ.

ప్రభుదాస్‌కు ఒక ఉపాయం తట్టింది. ఒక బిడ్డ కోసం కొట్లాడిన ఇద్దరు తల్లుల తగవును పూర్వం ఒక రాజు ఎలా తీర్చాడో ఆదివారం బడిలో పిల్లలకు ఏటా చెప్పేవాడు అతను. ఆ కథ మీద అతనికి అపారమైన నమ్మకం. గొంతు గంభీరంగా పెట్టి, "సరే అయితే. కాయను సమానంగా కోసి పంచేద్దాం!" అన్నాడు. నిజమైన హక్కుదారు గుండె పగిలి, వద్దు వద్దు అనాలి.

"కొయ్యిండ్రి!" అన్నారు నలుగురూ ఒక్కసారే. ఎల్లమ్మ రొంటిన ఉన్న కత్తి కూడా తీసింది.

"ఎవర్రా నా గుమ్మడికాయ మీద కత్తి పెట్టేది?" అని కింద నుంచి ఒక కేక వినిపించింది. రోసమ్మ. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, లారీ పట్టుకుని ఊగుతోంది. రాజు తీర్పు ప్రకారం తల్లి దొరికింది. ప్రభుదాస్ పొంగిపోయి, "అయితే ఈ కాయ మీదేనమ్మా, తీసుకోండి!" అన్నాడు.

"నాకెందుకు?" అంది రోసమ్మ. "నేను దేవునికిచ్చేశాను."

ఇక ఆ రాజుకు కూడా చేతనయ్యేది కాదు. అంతలో ముందు దీపస్తంభం విరిగి, దారి తెరుచుకుంది. పోలీసు ఇన్‌స్పెక్టరు ఈలలు వేసుకుంటూ వచ్చి, "కదలాలి, కదలాలి! వేదిక దగ్గర పెద్దలు కూర్చుని ఉన్నారు!" అని లారీ మీద కర్రతో కొట్టాడు. సర్దార్జీ దిగనన్నాడు. తాను దిగితే మిగతావాళ్ళు కాయ ఎత్తుకుపోతారని అతని అనుమానం. మిగతావాళ్ళను దిగమంటే, సర్దార్జీ లారీతో సహా ఉడాయిస్తాడని వాళ్ళ అనుమానం.

"మరి బండి ఎవరు నడుపుతారు?" అన్నాడు ప్రభుదాస్ దిక్కులు చూస్తూ.

దేవకృప చీర కుచ్చిళ్ళు పైకి దోపి, డ్రైవరు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. "చక్రం తిప్పడమే గదండీ. ఇన్నేళ్ళూ ఇంట్లో నేను చేస్తున్నదేమిటి?" అంది. ఇంజను వేయడం ఆమెకు రాదు గనక, మిగతా పని జనం మీద పడింది. జనం సంతోషంగా తోశారు. ఒక తగవు మధ్యలో ఉండగా చివర చూడకుండా ఇంటికి పోయే మనుషులు సికింద్రాబాదులో లేరు. టాంగావాళ్ళు, కూలీలు, స్త్రీల సమాజం, తలల్లో బంతిపూలు పెట్టుకున్న కొత్త ఆడవాళ్ళు, ఇన్‌స్పెక్టరు కర్రతో సహా, అందరూ భుజాలు ఆన్చారు. పైనుంచి సర్దార్జీ ఒక చెయ్యి కాయ మీదే ఉంచి, రెండో చేత్తో లారీ కప్పును బాదుతూ, "దాయే, బహన్‌జీ! బాయే, బహన్‌జీ!" అని దారి చెప్పాడు. దేవకృప రెండుసార్లు ఎడమకు బదులు కుడికి తిప్పింది గాని, పెద్దగా ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

పరేడ్ మైదానం కనబడింది. వేదిక మీద పెద్ద అధికారి, ఆయన పక్కన పూలదండలతో ఊరి పెద్దలు, చివర కుర్చీలో తమ చర్చి అయ్యగారు. దూరం నుంచి లారీని చూసి అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీసేసి జేబులో దాచుకున్నారు.

ప్రభుదాస్‌కు అంతా అర్థమైపోయింది. పూలు లేవు, పంటలు లేవు. వట్టి లారీ, దాని మీద కొట్లాడుకుంటున్న అయిదుగురు. తన రాజీనామా కాగితానికి మొదటి వాక్యం మనసులో రాసుకున్నాడు. రాజీనామా కంటే ఎక్కువ బాధ ఇంకొకటుంది. తుకారాం చప్పట్లు కొట్టాల్సిన జనంలో లేడు, ఇక్కడే పక్కనే నిలబడి మోచేత్తో తన డొక్కలో పొడుస్తున్నాడు. రేపటినుంచి ఆ దుకాణం బల్ల మీద ఏ ముఖం పెట్టుకుని కూర్చోవాలి? ఏడుపు వచ్చింది. లారీ కుదుపుకు పడిపోకుండా ఉండాలని చెయ్యి చాపితే అందింది గుమ్మడికాయ ఒక్కటే. దాన్నే పట్టుకున్నాడు.

అలా, వేదిక ముందుకు వచ్చేసరికి, ఒక్క గుమ్మడికాయ మీద అయిదు చేతులున్నాయి. ఒక తలపాగా, ఒక రూమీ టోపీ, ఒక నుదుటి బొట్టు, ఒక కూరలమ్మే ఆమె పచ్చబొట్ల చెయ్యి, ఒక బడిపంతులు కోటు. ఎవరూ కదలడం లేదు, కదిలితే కాయ పోతుంది.

పెద్ద అధికారి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మైకు దగ్గరున్న వ్యాఖ్యాత, పొద్దుటినుంచీ కాగితపు పూలూ అట్ట బొమ్మలూ వర్ణించి అలసిపోయిన మనిషి, ఒక్కసారి గొంతు సవరించుకున్నాడు.

"సోదర సోదరీమణులారా! చూడండి! పూల ఆడంబరం లేదు. పండింది ఒక్కటే పంట, దాని మీద అన్ని మతాల చేతులూ ఉన్నాయి! ఎవరి చెయ్యీ పైన లేదు, ఎవరి చెయ్యీ కింద లేదు! వారి కళ్ళల్లో ఆ నీళ్ళు చూడండి! బండికి ఇంజను లేదు, ప్రజలే తోస్తున్నారు! చుక్కాని ఒక మాతృమూర్తి చేతిలో ఉంది! ఇదే, ఇదే మన గణతంత్రం!"

మైదానమంతా చప్పట్లతో దద్దరిల్లింది. లారీ మీద అయిదుగురూ తాము ఏం చేశామో తెలియక ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. చేతులు మాత్రం తీయలేదు. వేదిక మీద అయ్యగారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకుని, ఇదంతా ముందునుంచీ తమ ఆలోచనే అన్నట్టు పక్కవాళ్ళకు తల ఊపుతున్నారు.

మొదటి బహుమతి ప్రకటించారు. పెద్ద అధికారి స్వయంగా వేదిక దిగి లారీ దగ్గరకు వచ్చాడు. షీల్డు ప్రభుదాస్ చేతిలో పెట్టాడు. తర్వాత గుమ్మడికాయ వంక చూశాడు. "ప్రజలు దేశానికిచ్చిన ఈ కానుకను నేను శిరసా స్వీకరిస్తున్నాను" అని రెండు చేతులూ చాచాడు.

ఒక్కొక్క చెయ్యే కాయ మీదనుంచి జారింది. తుకారాం చెయ్యి అందరికంటే ఆలస్యంగా కదిలింది. ఇద్దరు జవాన్లు గుమ్మడికాయను ఎత్తి, జీపులో వెనక సీటు మీద కూర్చోబెట్టారు. జనం జేజేలు పలికారు. రోసమ్మ ఒక్కతే ముక్కు చీదుకుంది.

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయాక, లారీ అంచున కాళ్ళు వేలాడేసుకుని అయిదుగురూ కూర్చున్నారు. ఖాసీం మియా బీడీ ముట్టించి సర్దార్జీకి ఇవ్వబోయి, సిక్కులు పొగ ముట్టరని గుర్తొచ్చి నాలుక కరుచుకుని, బీడీ ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. ఎల్లమ్మ ఖాళీ గంప బోర్లించి దాని మీద చేతులు పెట్టుకుంది.

తుకారాం నిట్టూర్చాడు. "మన గుమ్మడికాయ వాయె గద పంతులూ" అన్నాడు.

ప్రభుదాస్ అతని వంక చూశాడు. చప్పట్ల కోసం ఇన్నాళ్ళు ఎదురుచూశాడు, మైదానమంతా కొడితే చెవికి ఎక్కలేదు. ఈ 'మన' అన్న ఒక్క మాట మాత్రం సూటిగా లోపలికి దిగింది. తుకారాం ఏమన్నాడో తుకారాంకే తెలియదు, అతని దృష్టి ఇంకా జీపు దుమ్ము మీదే ఉంది. ఆ మాట రెండోసారి అనిపించుకోవాలని ప్రభుదాస్‌కు ఎంతో అనిపించింది గాని, ఆశకు పోకుండా షీల్డును ఒళ్ళో సర్దుకుని ఊరుకున్నాడు.

"రేపు సాయంత్రం దుకాణంల కూసుందాం, అందరు రాండ్రి" అన్నాడు తుకారాం. "పైసల సంగతి సుత గక్కడనే తేల్చుకుందాం."

అందరూ దిగాక కూడా జకర్యా ఒక్కడే లారీ మీద ఉండిపోయాడు. పచ్చజెండా చంకలో పెట్టుకుని, చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని, జీపు పోయిన దారి వైపు ఓపికగా చూస్తున్నాడు.

"ఇంకా ఎవరి కోసం జకర్యా గారూ?" అని అడిగాడు ప్రభుదాస్.

"పెద్దసాబ్ వాపస్ తెస్తడేమోనని, సాబ్. తెస్తే అయిదోసారి పాడదామని."

దేవునికిచ్చినప్పుడల్లా తిరిగొచ్చిన ఆ గుమ్మడికాయ, సర్కారుకిచ్చాక మాత్రం తిరిగిరాలేదు.